సూది బెదిరింపు గారికి తొలగింపు ఉత్తరం

మహారాజశ్రీ సూది బెదిరింపు గారికి, బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఒక తాత వ్రాయునది ఏమనగా,

తమరు మా ఇంట మూడేళ్లుగా జీతం బత్తెం లేకుండా కొలువు చేశారు. మనవరాలు ముద్ద మింగకపోయినా, మిట్టమధ్యాహ్నం చెరువు గట్టుకు పరిగెత్తినా, "ఉండు, సూదిమందేయించీగల్ను" అని మా ఆవిడ అనడమే ఆలస్యం, తమరు గుమ్మంలో ప్రత్యక్షమై పని చక్కబెట్టేవారు. ఇంత చవకైన ఆయాను ఎవరు వదులుకుంటారు? (నేనూ తమరిని వాడుకున్నవాడినే.)

తమరి జీతం బాకీ ఎంతో మొన్న బుధవారం తెలిసింది. అయిదేళ్లు నిండాక వేయించవలసిన డీపీటీ బూస్టరు కోసం పిల్లను అంగన్‌వాడీకి తీసుకువెళితే, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి కాపాడే ఆ మందు దానికి బువ్వ తినని నేరానికి శిక్షగానే తోచింది. "నాను బువ్వంతా తినీసినాను తాతా" అంటూ వెక్కుతూ నాకు చేతులు జోడించింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తమరి తమ్ముడు "చీమ కుట్టినట్టుంటాదంతే" వచ్చాడు. వెనకే బావమరిది "తాండ్ర పాపారాయుడు ఏడ్చాడా" కూడా దిగాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో ఆ వీరుడి పౌరుషం మాకు తెలియనిది కాదు గాని, ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ తొలి టీకా వేసింది 1796లో కనుక, సూది ముందు ఆయన ధైర్యాన్ని పరీక్షించే అవకాశం ఎవరికీ దొరకలేదు.

టీకా నొప్పిని తగ్గించడం గురించి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనలలో ఉత్తుత్తి భరోసాలు వద్దని, ఈ వయసు పిల్లలను నిటారుగా కూర్చోబెట్టి ధ్యాస మళ్లించమని ఉంది. మా నర్సమ్మ గారు వాటిని చదివారో లేదో గాని, కాళ్లూ చేతులూ అదిమిపట్టబోయిన మమ్మల్ని పక్కకు పొమ్మని, పిల్లను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, జాతరలో కొన్న బుడగల సీసా చేతికిచ్చి, "నొప్పెడతాది, ఏడుపొస్తే ఏడు, ముందు పెద్ద బుడగ ఊదు" అన్నారు. ఏడ్చింది, అయినా బుడగ ఊదింది, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

కావున తమరిని కొలువు నుంచి తొలగించడమైనది. పదో ఏట ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ సూది ఉంది; ఆ లోపు మా గడప తొక్కవద్దని రాస్తూ ఉండగానే లోపలి నుంచి మనవరాలి గొంతు వినిపించింది: "తాతా, బీపీ బిళ్ళ మింగకపోతే సూదేయించీగల్ను!"

ఇట్లు,
బిళ్ళ మింగేసిన తమరి మాజీ యజమాని