ఇది ఇన్నోవా కాదన్నారు

"అల్లుడూ, బండి బాగుంది. కానీ ఇది ఇన్నోవా కాదురా."

టయోటా ఇన్నోవా హైక్రాస్, అంటే పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ బండి, కొన్నాక మొదటిసారి ఊరు తీసుకెళ్లినప్పుడు మా మావయ్య అన్న మాట ఇది. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. రావులపాలెంలో పదిహేడేళ్లు ఇన్నోవా తిప్పిన మనిషి. ముందు పాత ఇన్నోవా, తర్వాత క్రిస్టా. ఎన్ని పెళ్లిళ్లకు పెళ్లికూతుళ్లను దింపాడో, ఎన్ని అర్ధరాత్రులు పురిటి నొప్పుల మనుషుల్ని కాకినాడ ఆసుపత్రికి చేర్చాడో ఆయనకే లెక్క తెలియదు. ఆ రోజు పంచె ఎగ్గట్టి బండి కిందకి తొంగిచూశాడు. బాడీని మోసే విడి చట్రం, అదే ఛాసిస్, లేదు. వెనక చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు లేదు. బానెట్ ఎత్తితే డీజిల్ ఇంజను లేదు. "మూడూ పీకేశాక పేరు తప్ప ఏం మిగిలింది?" అన్నాడు.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు దాటి, 41 వేల కిలోమీటర్లు తిరిగాక ఇప్పుడు ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. ఈ బండి గురించి ఎక్కడ చర్చ వచ్చినా మావయ్య మాటే పది గొంతుల్లో వినిపిస్తోంది. "డీజిల్ టార్క్ ఏదీ", "ఛాసిస్ లేని ఈ మోనోకాక్ బాడీ మన గుంతల్లో ఎన్నాళ్లు", "అటు ఎలక్ట్రిక్ కాదు, ఇటు పెట్రోలు కాదు". వీళ్లలో చాలామంది దీన్ని నడిపి అంటున్నవాళ్లు కాదు. మావయ్య కనీసం వంగి చూశాడు.

ముందొక పాత సంగతి. టయోటా 2000లో మన దేశానికి తెచ్చిన మొదటి బండి క్వాలిస్. నాలుగైదేళ్లలో ఊరూరా పాకింది. అంత బాగా అమ్ముడవుతున్నప్పుడే దాన్ని ఆపేసి 2005లో ఇన్నోవా తెచ్చారు. అప్పుడు మా రావులపాలెం సెంటర్లో డ్రైవర్లందరిదీ ఒకటే మాట, క్వాలిస్ లాంటిది ఇంక పుట్టదని. అలా అన్నవాళ్లలో మావయ్య కూడా ఉన్నాడు. 2016లో క్రిస్టా వచ్చినప్పుడు రేటు చూసి గొణిగారు, తర్వాత అదే కొన్నారు. 2022 నవంబరులో హైక్రాస్‌ను చూపించినప్పుడు జరిగిన మార్పు మాత్రం వీటన్నిటికంటే పెద్దది. ఈసారి పునాదే మార్చేశారు.

ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ బళ్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఎనిమిది నెలల తర్వాత ఒక శాతం సెస్సు కట్టమని మళ్లీ అనుమతించింది. 2020లో బీఎస్ 6 అనే కఠినమైన పొగ నిబంధన వచ్చింది. పెద్ద డీజిల్ ఇంజను మీద ఆధారపడ్డ బండికి ముందున్న దారి ఇరుకవుతోందని తెలియడానికి ఇంకేం కావాలి? పైగా డీజిల్ కావాలనుకునేవాళ్లకు క్రిస్టాను మానేయలేదు, హైక్రాస్ వచ్చాక కూడా అమ్మారు. ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు.

ఇక నా బండి. 1987 సీసీ పెట్రోలు ఇంజను, దానికి తోడు కరెంటు మోటారు, రెండూ కలిస్తే 186 పీఎస్ శక్తి. ఈ ఇంజను అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. లోపలికి పీల్చిన గాలిలో కొంత వెనక్కి వదిలేసి తక్కువగా నొక్కుతుంది, మండాక మాత్రం పిస్టన్‌ను చివరిదాకా తోయనిస్తుంది. చుక్క చుక్కనూ పిండుకుంటుందన్నమాట. కానీ నిలబడ్డ చోటు నుంచి లాగమంటే అంత బలం ఉండదు. మోటారు బలమంతా సరిగ్గా అక్కడే. చక్రం తిరగడం మొదలవకముందే దాని లాగుడు సిద్ధంగా ఉంటుంది. ఒకరికి రాని పని ఇంకొకరికి వచ్చిన దంపతుల్లాగ ఈ రెండూ కాపురం చేస్తాయి. గేర్లు మార్చేది లేదు, క్లచ్ లేదు, విడిగా స్టార్టరు మోటారు కూడా లేదు.

మీట నొక్కితే చప్పుడేమీ రాదు. రెడీ అని చిన్న లైటు వెలుగుతుంది, అంతే. మొదటి వారం అమ్మ నాలుగైదు సార్లు అడిగి ఉంటుంది, "ఇంకా స్టార్ట్ చెయ్యవేంట్రా?" అని. అప్పటికి మేం వీధి దాటేసేవాళ్లం.

అసలు సంగతి నాకు అర్థమైంది మాత్రం పంతంగి టోల్‌గేటు దగ్గర. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకు వివరించక్కర్లేదు. భోగికి ముందురోజు చౌటుప్పల్ నుంచే బళ్లు బారులు తీరాయి. కార్లు, బస్సులు, నెత్తిన సామాన్లు కట్టుకున్న వ్యాన్లు. ఇంత జరగడం, ఆగడం, మళ్లీ ఇంత జరగడం. ఆ బళ్లన్నీ కాలుస్తూ, వణుకుతూ, పొగ వదులుతూ నిలబడి ఉన్నాయి. మా బండిలో ఇంజను ఆగిపోయి ఉంది. ఏసీ మాత్రం చల్లగా వస్తోంది, ఎందుకంటే దీని కంప్రెసరు నడిచేది కరెంటుతో, ఇంజను బెల్టుతో కాదు. బ్యాటరీ తగ్గినప్పుడల్లా ఇంజను దానంతట అదే లేచి కాసేపు నింపి మళ్లీ పడుకుంటోంది. ముందున్న బండి పది అడుగులు కదిలితే మేమూ మోటారు మీదే పది అడుగులు జరుగుతున్నాం.

అద్దంలోంచి వెనక్కి చూశాను. మధ్య వరసలో అమ్మ నిద్రపోతోంది. రెండు మోకాళ్లకూ ఆపరేషనైన మనిషి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బండెక్కితే ఆమెకు వాంతులే. ఒళ్లో నిమ్మకాయ, కొంగు చివర అల్లం ముక్క లేకుండా ఏ ప్రయాణమూ చేయలేదు. ఆగి ఉన్న బండి కింద నుంచి వచ్చే ఆ వణుకు, ఆ డీజిల్ వాసనే ఆమెను తిప్పేవని నాకు అప్పుడు తట్టింది. ఆ రోజు కొర్లపహాడ్ టోల్‌గేటు దాటింది, చిల్లకల్లు దాటింది, నిమ్మకాయ బ్యాగులోంచి బయటికి రాలేదు. సాయంత్రానికి రావులపాలెంలో దిగి, తమ్ముడింట్లో కూర్చుని అన్నం తింది. ప్రయాణం చేసిన రోజు ఆమె అన్నం తినడం నేను అంతకుముందు చూడలేదు.

మావయ్య ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆయన వెతికిన మూడూ పోబట్టే అమ్మకు ఆ సీటు దొరికింది. కింద ఛాసిస్ లేకపోవడంతో ఫ్లోరు కిందకి దిగింది, ఎక్కడానికి చేయి పట్టుకుని పైకి లాగాల్సిన పని తప్పింది. షాఫ్టు లేకపోవడంతో కాళ్ల దగ్గర గూడు కట్టినట్టు ఎత్తు లేదు, పాదాలు చాపుకోవచ్చు. చక్రానికి చక్రానికి మధ్య దూరం క్రిస్టాలో 2750 మిల్లీమీటర్లు ఉంటే దీనిలో 2850. ఆ వంద మిల్లీమీటర్లు కాగితం మీద చిన్నవి. ఆపరేషనైన మోకాలికి పెద్దవి. ఇన్నోవా అంటే డీజిల్ మోత అని ఎవరు రాశారు? చిన్నా పెద్దా ఇంటిల్లిపాదీ సామాన్లతో సహా ఒకే బండిలో వెళ్లి, దిగినప్పుడు ఎవరి ఒళ్లూ హూనం కాకుండా ఉండటమే కదా ఇన్ని ఇళ్లలో ఈ పేరును నిలబెట్టింది. దాన్ని పట్టుకుని మిగిలినవన్నీ వదలడానికి ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం చేసిన ఇంజనీర్లకు నేను చేతులెత్తి దండం పెడతాను.

మైలేజీ అడగనివాళ్లు లేరు కాబట్టి చెబుతాను. సర్టిఫికెట్లో ఉన్నది లీటరుకు 23.24 కిలోమీటర్లు. అది పరీక్షలో వచ్చే అంకె, మన రోడ్ల మీద ఆశించకండి. ట్యాంకు ఫుల్ చేసిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంటాను. హైదరాబాదులో, కూకట్‌పల్లి ట్రాఫిక్కుతో కలిపి, నాకు 16 నుంచి 18 మధ్య వస్తోంది. హైవే మీద ఏడుగురితో వంద వేగంలో వెళితే 15, 16. ఎనభైలో వెళితే 18 దాటుతుంది. మామూలు బండికి ఊళ్లో తక్కువ, హైవేలో ఎక్కువ. హైవేలో వేగంగా వెళితే దీనికి తిరగేసి ఉంటుంది. ఎందుకంటే ఊళ్లో బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటరుగా మారి, వేడిగా పోవాల్సిన శక్తిని బ్యాటరీలో దాస్తుంది. బ్రేకును ఒక్కసారిగా తొక్కితే అందులో చాలా భాగం దక్కదు, ముందునుంచే మెల్లగా నొక్కితే దక్కుతుంది. ఇది తెలిశాక నా డ్రైవింగే మారిపోయింది. సిగ్నల్ దూరంగా ఎర్రగా కనబడగానే కాలు తీసేస్తాను. వెనకవాడు హారన్ కొట్టినా సరే.

తిరుమల నుంచి దిగేటప్పుడు ఈ దాచుకోవడాన్ని కళ్లారా చూడొచ్చు. మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏడుగురి బరువుతో దిగుతుంటే బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే పైకి ఎక్కుతాయి. సగం కొండ దిగకముందే నిండిపోయింది. బ్యాటరీ చిన్నది, కొండ పెద్దది. అప్పుడు బ్రేకు మీదే కాకుండా ఇంజను మీద భారం వేయాలి. ఇంజను పెట్రోలు తాగకుండా ఊరికే తిరుగుతూ బండిని పట్టి ఉంచుతుంది. కొత్తగా కొన్నవాళ్లు ఆ మోత విని హడలిపోతారు. హడలక్కర్లేదు, మీ బ్రేకులు కాలిపోకుండా అది కాపలా కాస్తోంది. అలాగే కాలు గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ఒకే సుతిలో పైన అరుస్తూ ఉండిపోతుంది. గేరు మారే చప్పుడుకు అలవాటైన చెవికి అది వింతగా ఉంటుంది. ఇలాంటి గేర్‌బాక్సు స్వభావమే అంత. మెత్తగా తొక్కడం నేర్చుకుంటే ఆ అరుపు ఎప్పుడో గానీ వినబడదు.

బ్యాటరీ పోతే లక్షలవుతాయట కదా అని ఇంకో భయం. దీనిలో ఉన్నది ఫోన్లలో ఉండే లిథియం రకం కాదు, నికెల్ మెటల్ హైడ్రైడ్. 1997లో జపానులో టయోటా హైబ్రిడ్ కారు, మొదటి ప్రియస్, రోడ్డెక్కినప్పటి నుంచీ ఆ కంపెనీ వాడుతున్న రకమే. నా బండి బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. ఈ విషయంలో నాకు నిద్ర పట్టని రాత్రి ఒక్కటీ లేదు.

నన్ను నిజంగా జాగ్రత్తపడేలా చేసింది వేరు. ఊళ్లో సందుల్లో ఇది వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. కోళ్లకు తెలియదు, గోళీలాడే పిల్లలకు తెలియదు, అరుగు దిగే ముసలమ్మకు అసలే తెలియదు. అందుకని సందులోకి తిప్పగానే అద్దాలు దించేస్తాను. "అమ్మా, బండొస్తోందండి" అని నోటితో చెబుతాను. ఈ బండి కొన్న ప్రతి ఒక్కరికీ నా మనవి, ఇది మరిచిపోకండి.

కోపం వచ్చే విషయం ఒకటుంది, అది పన్ను. నేను కొన్నప్పుడు జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం. దాని మీద జీవితకాల పన్ను 18 శాతం కట్టాను. 2025 సెప్టెంబరు నుంచి ఆ 43 కాస్తా 40 అయింది. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే. ఎలక్ట్రిక్ వాళ్లకు ఇచ్చింది తగ్గించమని అనను, వాళ్లకు అది దక్కాల్సిందే. కానీ సిగ్నల్ దగ్గర పొగ మానేసిన బండినీ, నిలబడ్డంతసేపూ కాలుస్తూనే ఉండే అంతే పెద్ద పెట్రోలు బండినీ పక్కపక్కన కట్టేసి ఇంచుమించు ఒకే పన్ను వేయడం ఏం న్యాయం? ఉత్తరప్రదేశ్ 2024 జులైలో మా బండిలాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేని అపార్ట్‌మెంట్లలో ఉన్న మాలాంటి వాళ్లు, పల్లెకీ పట్నానికీ తిరిగే వాళ్లు ఇక్కడా ఉన్నారు. మాకు సగం దారైనా చూపించాలి.

మొన్న సంక్రాంతికి తాళం మావయ్య చేతికిచ్చాను. అంతర్వేది వెళ్లొద్దాం, మీరే నడపండి అన్నాను. వెళ్లేటప్పుడు మొహం గంటు పెట్టుకునే నడిపాడు. మలికిపురం దాటాక ఏసీ తగ్గించి, రేడియో ఆపి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నడిపాడు. తిరిగొచ్చాక తాళం ఇస్తూ "లాగుతోందిరా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు, నేనూ అడగలేదు.

కనుమ వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. మావయ్య టార్చిలైటు పట్టుకుని వెనకే నడుస్తూ సందులోంచి బండిని వెనక్కి తీయించాడు. అరుగు మీద కుక్క తల కూడా ఎత్తలేదు. మెయిన్ రోడ్డు ఎక్కే మలుపులో నా అద్దం దగ్గరికొచ్చి లోపలికి లైటు వేయబోయి, మళ్లీ నేల మీదకు తిప్పేశాడు.

"అక్క అప్పుడే పడుకుందిరా" అన్నాడు గుసగుసగా, సరిగా పడని వెనక తలుపును అరచేత్తో మెల్లగా నొక్కుతూ.