ఎందుకు రాలేదో చెప్పాలి

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి పరిశోధన సంస్థలు దాదాపు వరుసగా ఉంటాయి. అటు గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇటు పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి. జీవవైద్య పరిశోధనలో ఫెలోషిప్ (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే భృతి) కోసం ఎదురుచూసే యువతీ యువకులకు ఈ నగరంలో కొదవ లేదు. వాళ్ల టెన్షన్ అంతా డబ్బు గురించేనని చాలామంది అనుకుంటారు. పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలకు పెరిగింది 2023లో. అది చాలదన్న వాదన ఎటూ ఉంది. దాని గురించి మరోసారి మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు మేము అడుగుతున్నది వేరు: ఒక అప్లికేషన్‌ను ఎవరు, దేన్ని చూసి, ఎలా తూచారో పెట్టుకున్న మనిషికి తెలియాలా, వద్దా?

జేఆర్‌ఎఫ్ అర్హత కోసం నెట్ పరీక్ష రాసిన విద్యార్థికి తన మార్కులు తెలుస్తాయి. ‘కీ’ తప్పని అనిపిస్తే ఫీజు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. అదే విద్యార్థి పీహెచ్‌డీ పూర్తిచేసి, నెలల తరబడి కూర్చుని పరిశోధన ప్రపోజల్ రాసి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) ఫెలోషిప్‌కి పంపితే చాలాసార్లు వచ్చే జవాబు ఎంపికైనవారి జాబితా ఒక్కటే. అందులో పేరు లేదంటే రాలేదని అర్థం. ఐడియా బాగాలేదా, గైడ్ నచ్చలేదా, యూనివర్సిటీ పేరు చిన్నదా? ఏమీ తెలియదు. వచ్చే ఏడాది అదే కాగితాన్ని కాస్త దులిపి మళ్లీ పంపుతారు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో రివ్యూయర్లు, అంటే అప్లికేషన్లను చదివి తూచే నిపుణులు, 1 నుంచి 9 దాకా స్కోరు వేస్తారు. అక్కడ 1 వస్తే గొప్ప. కమిటీ చర్చకు కూడా నోచుకోని అప్లికేషన్ అయినా, దాన్ని చదివిన రివ్యూయర్లు రాసిన వ్యాఖ్యలు అభ్యర్థి చేతికి వస్తాయి. శిక్షణ ఫెలోషిప్‌ల విషయంలో ఆ సంస్థ 2025 జనవరి నుంచి ఇంకో అడుగు వేసింది. అయిదు కొలమానాలను మూడుకు కుదించింది: అభ్యర్థి సన్నద్ధత, శిక్షణ ప్రణాళిక, గైడూ సంస్థా ఆ అభ్యర్థి కోసం నిజంగా ఏం చేస్తామంటున్నాయన్నది. కాలేజీ మార్కులు పంపమనడం మానేసింది. పేరున్న ల్యాబ్, పేరున్న గైడ్ అనగానే స్కోరు దానంతట అదే పెరగకూడదన్నది ఉద్దేశం.

మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ అవసరం. ప్రాజెక్టుకు ఇచ్చే గ్రాంటు పని కోసం, ఫెలోషిప్ మనిషి కోసం. పాలమూరులోనో నిజామాబాద్‌లోనో ఎంఎస్సీ చదివి, పెద్ద పరికరాలను మొదటిసారి హైదరాబాద్‌లో చూసిన అమ్మాయిని ఇప్పటిదాకా ఎన్ని పరిశోధన పేపర్లు వేశావని మాత్రమే అడిగితే ఆమె చదివిన ఊరికి మార్కులు వేసినట్టే. సిఫార్సు లేఖల సంగతి సరేసరి. ‘నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా’ అనే గైడ్లు తగ్గనంతకాలం ఆ లేఖలను బట్టి ఏం తేలుతుందో కమిటీలకే తెలియాలి.

గోప్యత ఉంటేనే న్యాయం జరుగుతుందనేవారు స్వీడన్ అనుభవం చూడాలి. 1995లో అక్కడి వైద్య పరిశోధన మండలి పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లకు 114 మంది పోటీపడ్డారు. వాళ్లలో 52 మంది మహిళలు. ఇచ్చిన 20 ఫెలోషిప్‌లలో మహిళలకు దక్కినవి నాలుగు. రివ్యూయర్లు వేసిన మార్కులు ప్రజాపత్రాలేనని కోర్టు చెప్పాకే అవి బయటికొచ్చాయి. క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని లెక్కగట్టి 1997లో ప్రచురించారు. పురుషుడితో సమానమైన మార్కు రావాలంటే మహిళకు దాదాపు రెండున్నర రెట్లు ప్రచురణ బలం (అచ్చయిన పరిశోధన పేపర్ల బలం) ఉండాల్సి వచ్చిందని తేలింది. ఇంకో సంగతి మనకు బాగా అర్థమవుతుంది. కమిటీలో తెలిసినవాళ్లున్న అభ్యర్థులకు మార్కులు ఎక్కువ పడ్డాయి. ఆ తెలిసిన సభ్యుడు నిబంధన ప్రకారం పక్కకు తప్పుకున్నా, మిగిలినవాళ్లు ఎక్కువ మార్కులు వేసి ఆ లోటు పూడ్చారు! ఆ కమిటీ సభ్యులు చెడ్డవాళ్లని కాదు. తాము చేస్తున్నదేమిటో లెక్క బయటపడేదాకా వాళ్లకూ తెలిసి ఉండదు.

రివ్యూయర్ల మధ్య ఏకాభిప్రాయం కూడా మనం అనుకున్నంత ఉండదు. 25 ఎన్‌ఐహెచ్ ప్రాజెక్టు అప్లికేషన్లను 43 మంది చేత చదివించి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఒకే అప్లికేషన్‌కు ఇద్దరు వేసిన స్కోర్లలో కనిపించిన పోలిక, రెండు వేర్వేరు అప్లికేషన్ల స్కోర్లలో ఉన్న పోలికను మించలేదు. అలాంటప్పుడు తీర్పు కంటే కారణమే అభ్యర్థికి ఎక్కువ పనికొస్తుంది.

శాస్త్రవేత్తల లోకం చిన్నది, పేర్లు బయటపడితే పగలు పెరుగుతాయన్న అభ్యంతరంలో నిజముంది. చట్టం కూడా దాన్ని గుర్తించింది. జవాబుపత్రం చూసే హక్కు అభ్యర్థికి ఉందని 2011లో చెప్పిన సుప్రీంకోర్టే, ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లు ఇవ్వనక్కర్లేదని 2012లో చెప్పింది. మేమూ పేర్లు అడగడం లేదు. ఇతరుల ప్రపోజల్స్‌ను సొంత పని పక్కనపెట్టి చదివే రివ్యూయర్ల మీద ఇంకో భారం వేయమనీ అనడం లేదు. వాళ్లు ఎలాగూ నాలుగు మాటలు రాస్తారు. ఆ నాలుగు మాటలు ఫైల్లో ఆగిపోకుండా అభ్యర్థికి చేరితే చాలు.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో ప్రారంభించిన, ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ కార్యాలయం మన నగరంలోనే ఉంది. బయటి నిపుణుల చేత చదివించడం, ఆపై ఇంటర్వ్యూ చేయడం దానికి అలవాటైన పద్ధతులే. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సహా ఫెలోషిప్‌లిచ్చే ప్రతి సంస్థా ఏ అంశానికి ఎంత బరువిస్తుందో ముందే ప్రకటించాలి. ఎంతమంది అప్లై చేశారు, అందులో మహిళలెందరు, రాష్ట్ర యూనివర్సిటీల నుంచి ఎందరు, ఎవరికి వచ్చాయన్న లెక్క ఏటా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫలితాల కోసం ఎదురుచూసే నెలల్లో స్టైపెండ్ ఉండదు, హబ్సిగూడలో గది అద్దె మాత్రం కట్టాలి. కాబట్టి రిజల్ట్ ఏ తేదీలోగా ఇస్తారో కూడా నోటిఫికేషన్‌లోనే వేయాలి.