డ్రైవర్ మానిటరింగ్ కెమెరా గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా కెమెరా గారూ,

స్టీరింగ్ వెనకాల నక్కి కూర్చుని రెప్ప వెయ్యకుండా మా కళ్ళల్లోకే చూస్తా ఉంటారు కదా, ఇంట్లో వాళ్ళు కూడా మమ్మల్ని అంత శ్రద్ధగా చూసి చాలా కాలమైంది, అందుకు ముందుగా థ్యాంక్స్.

మీ డ్యూటీ ఏంటో మాకు తెలుసు, మేం రోడ్డు చూస్తున్నామా, నిద్రపోతున్నామా అని కనిపెట్టి కూత పెట్టడం. కారు తనే లేన్ పట్టుకుని పోతది, ముందు బండిని చూసి తనే బ్రేక్ వేస్తది, గుద్దితే మాత్రం కేసు మా మీద. దీన్నే లెవెల్ 2 అంటారు. పని కారుది, బాధ్యత మాది, మా మీద కాపలా మీది. అసలు చేతికి పనేమీ లేకుండా, ఏదైనా జరుగుతుందేమో అని ఊరికే చూస్తూ కూర్చోవడం మనిషి వల్ల కాదని 1948లోనే మాక్‌వర్త్ అనే ఆయన గడియారం ముల్లు ముందు జనాల్ని కూర్చోబెట్టి తేల్చేశాడు, అరగంట దాటేసరికే కళ్ళ ముందున్నది కూడా మిస్ అవడం మొదలైందంట. అయినా సరే కార్ల కంపెనీలు ఏరికోరి ఆ పనే మాకు పెట్టాయి. మన జనం ఊరుకుంటారా, హైవే మీద స్టీరింగ్ వదిలేసి వెనక సీట్లోకెళ్ళి రీల్స్ తీశారు. అదీ మీరు ఊడిపడ్డ కథ.

మీ వంశంలో ఒకాయన 2018 మార్చి 18 రాత్రి అమెరికాలో టెంపీ అనే ఊళ్ళో ఉబర్ వాళ్ళ సెల్ఫ్ డ్రైవింగ్ (తనే నడిచే) టెస్ట్ కారులో డ్యూటీలో ఉన్నాడు, గుర్తుందా? సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకావిడని ఆ కారు గుద్దేసింది, ఆవిడ చనిపోయింది. లోపల కూర్చున్న ఆపరేటర్ మాటిమాటికీ కిందికి చూడటం మొత్తం మీవాడు నీట్‌గా రికార్డ్ చేశాడు. ఒక్క కూత కూయలేదు. తర్వాత దర్యాప్తులో తేలిందేంటంటే, కారు సెన్సర్లకి ఆవిడ 5.6 సెకన్ల ముందే కనిపించింది, కానీ జీబ్రా క్రాసింగ్ లేని చోట మనుషులు రోడ్డు దాటుతారనే సంగతే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ చెప్పలేదు. ఇది చదివి నేను మెహిదీపట్నం రైతుబజార్ ముందు పది నిమిషాలు నిలబడి చూశాను. జీబ్రా లెక్కన అక్కడ దాటినవాళ్ళెవరూ మనుషులు కారు.

సరే, మీ చదువు సంగతికొద్దాం. కంటికి కనబడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్ వేసి, కనురెప్ప 80 శాతం పైగా వాలి ఉన్న టైమ్ నిమిషంలో ఎంతో లెక్కగట్టి నిద్రొస్తోంది అని తీర్పు చెప్తారు. బాగుంది. మరి పుట్టుకతోనే కళ్ళు చిన్నవైనవాళ్ళు ఏం చెయ్యాలి? టోలిచౌకిలో నఖాబ్ వేసుకుని కారు నడిపే అక్కకి ముక్కూ నోరూ కనబడవు, తల ఎటు తిరిగిందో దేన్ని బట్టి చెప్తారు? ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లని 2018లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షిస్తే, తెల్లగా ఉన్న మగవాళ్ళ దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లగా ఉన్న ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఒకదాంట్లో 34.7 శాతం తప్పులు. అది మీ డ్యూటీ కాదు, ఒప్పుకుంటా, కానీ మీరిద్దరూ చదివింది ఒకే బళ్ళోనేమో అని నా డౌట్.

మా పెద్దమ్మనే తీసుకోండి. బ్యాంకులో చేసి రిటైరైంది, దూరానికీ దగ్గరికీ ఒకటే అద్దమైన ప్రోగ్రెసివ్ కళ్ళజోడు. స్పీడ్ చూడాలంటే గడ్డం పైకెత్తి అద్దాల కింది భాగంలోంచి చూస్తది, అంటే మీ దృష్టిలో కళ్ళు సగం మూసినట్టే. మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ మీద కుయ్‌మన్నారు. ఎడమ పక్కనుంచి బైకు దూరుతోందని ఆ వైపు సైడ్ మిర్రర్‌లోకి చూసింది, రోడ్డు చూడమని మళ్ళీ కుయ్‌మన్నారు. సార్, ఈ హైదరాబాద్‌లో రోడ్డంటే ముందు ఒక్కటే కాదు కదా! ఎడమ, కుడి, వెనక, రాంగ్ సైడులో ఎదురుగా వచ్చే ఆటో, అన్నీ రోడ్డే. ఆవిడ అన్ని వైపులా చూస్తోంది కాబట్టే బండికి ఒక్క గీత కూడా లేదు. పరధ్యానంగా ఉండి ముందుకే గుడ్లప్పగించి చూసేవాడికేమో మీరు ఫుల్ మార్కులేస్తారు. చివరికి ఆవిడ మెనూలోకెళ్ళి మిమ్మల్ని ఆఫ్ చేసింది. మీరు అవసరం లేదని కాదు, చీటికీమాటికీ అరిచేవాణ్ణి ఎవరు మాత్రం వింటారు?

యూరప్‌లో 2024 జులై నుంచి ప్రతి కొత్త కారులో నిద్రమత్తు హెచ్చరిక తప్పనిసరి చేశారు, ఇవాళో రేపో ఇక్కడా అదే వస్తది, రావాలి కూడా. మన కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని బండ్లకి తిహాన్ అని టెస్ట్ ట్రాక్ 2022లోనే పెట్టారు. మీరు కూడా వచ్చి ఇక్కడి ముఖాలు, ఇక్కడి కళ్ళజోళ్ళు, ఇక్కడి ట్రాఫిక్ చూసి మళ్ళీ ఒకసారి పరీక్ష రాయండి, అటెండెన్స్ మేం వేయిస్తాం.

ఇంకొక్క మాట. రాత్రి రెండింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ వైపు పోయే క్యాబ్ డ్రైవర్ అన్నకి మీరు కాఫీ కప్పు బొమ్మ చూపించి రెస్ట్ తీసుకో అంటారు చూశారా, నిద్రొస్తోందని ఆయనకి మీకంటే ముందే తెలుసు సార్. ఇంకో రెండు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొడితే గానీ ఈ నెల ఈఎంఐ కట్టలేడు. ఆ బొమ్మ పక్కన కాస్త ఖాళీ ఉంది కదా, బండి పక్కకి ఆపిన అరగంటకి డబ్బులు ఎవరిస్తారో అక్కడ చూపించండి.

ఇట్లు,
మీరు పొద్దున్నించి మూడుసార్లు నిద్రలేపిన, అసలు నిద్రేపోని ఒక డ్రైవర్