తల సైజు ఎంత?

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ ఎయిర్‌పోర్టు పక్కన ఎన్‌ఈసీ అని పెద్ద పెద్ద హాళ్ళున్నాయి. మామూలుగా ఏటా నవంబరు చివర్లో అక్కడ మోటార్‌సైకిల్ లైవ్ అని బైకుల ప్రదర్శన పెడతారు. గేటు దగ్గర జనాన్ని చూసి, "ఇది మన జొన్నవాడ తిరునాళ్ళే అబ్బా, రథం ఒక్కటే తక్కువ" అన్నాడు మా కోవూరాయన. నాన్నల భుజాల మీద పిల్లలు, చేతుల్లో చిప్స్ పొట్లాలు, ఏ బండి గొప్పదో తెగని వాదన పెట్టుకున్న ముసలాళ్ళు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

నలుగురం పోయాం. మాలో మేం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం: కోవూరు, కందుకూరు, ఒంగోలు డాక్టరు, నేను కావలి. కందుకూరు కథ వేరే చెప్పాలి. వాళ్ళ తాత పుట్టేనాటికి అది నెల్లూరు జిల్లా. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా వస్తే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు. "ఇల్లు కదల్లేదు, అరుగు కదల్లేదు, మేం మాత్రం జిల్లాలు తిరుగుతానే ఉన్నాం" అంటాడు.

పత్రికవాళ్ళు నన్ను షో విశేషాలు రాయమన్నారు. రాస్తాను. కానీ మధ్యలో బైకులు వదిలేసి తలకాయల మీదికి పోతాను, ముందే చెప్తున్నా.

రాయల్ ఎన్‌ఫీల్డ్ దగ్గర కోవూరాయన గంటసేపు కదల్లేదు. వాళ్ళ నాయన పాత బుల్లెట్ మీదే చెరకు ఫ్యాక్టరీకి పోయేవాడట. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కిక్ కొట్టే ముందు ఆంపియర్ ముల్లు చూసుకోవాలి, చిన్న లివర్ నొక్కి పిస్టన్‌ని సరైన చోటికి తెచ్చుకోవాలి. ఈ పూజంతా చెయ్యకుండా కొడితే కిక్కరు వెనక్కి తన్ని పిక్క బద్దలవుతుంది. బుల్లెట్ రాకముందు ఆ కంపెనీ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని రెడిచ్ అనే ఊళ్ళో. అక్కడ 1901లో తొలి మోటార్‌సైకిల్ చేశారు. 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. తర్వాత రెడిచ్‌లో ఫ్యాక్టరీ మూతపడింది, మద్రాసులో మాత్రం ఆగలేదు.

బీఎస్‌ఏ అంటే నాకు ఈ దేశం వచ్చేదాకా సైకిలే. మా హైస్కూలు సైకిల్ స్టాండులో బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు జమీందారు కింద లెక్క. ఆ మూడక్షరాలకి అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనీ, అది తుపాకులు చేసిన కంపెనీ అనీ ఇక్కడికొచ్చాక తెలిసింది. ఇప్పుడు ఆ పేరు మహీంద్రా వాళ్ళ చేతిలో ఉంది. 2021లో బీఎస్‌ఏ గోల్డ్ స్టార్ బైకుని మళ్ళీ ఈ బర్మింగ్‌హామ్‌లోనే విడుదల చేశారు. ఈ ఊళ్ళోనే పుట్టిన నార్టన్ బైకుల కంపెనీని 2020లో టీవీఎస్ కొనేసింది. "మా ఊరి పాలాయన రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పోయే ఫిఫ్టీ బండి కంపెనీ, ఇంగ్లీషోళ్ళ నార్టన్‌ని కొనిందా!" అని కందుకూరు టీ కప్పు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. మాకందరికీ ఛాతీ రెండంగుళాలు పెరిగిన మాట నిజం.

తర్వాత హెల్మెట్ల వైపు పోయాం. అక్కడ పెరిగింది పెరిగినట్టే తగ్గింది.

ఆ షోలో బైకులు ఎంత ఉంటాయో, ఒంటి మీద వేసుకునేవి అంత ఉంటాయి. జాకెట్లు, గ్లౌజులు, బూట్లు, పడగానే సెకనులో చిన్న వంతులో ఉబ్బే గాలి చొక్కాలు. వరసల కొద్దీ హెల్మెట్లు. మా మేనల్లుడికి ఒకటి కొందామని ఒక స్టాలు దగ్గర ఆగాను. కౌంటర్లో ఉన్న పెద్దావిడ మెడలో, మన టైలర్లకి ఉన్నట్టే, ఒక టేపు వేలాడుతోంది.

"తల సైజు ఎంత?" అంది.

వాడి చొక్కా 40 అని నాకు తెలుసు. ప్యాంటు 32. బూట్లు 9. ఫోన్‌లో ఎన్ని జీబీలు కావాలో కూడా తెలుసు. పదేళ్ళుగా సంక్రాంతికి పోయినప్పుడల్లా కొని పట్టుకుపోయేవాణ్ణి నేనే కదా. తల సైజు మాత్రం తెలియదు. వాడిదే కాదు, నాది కూడా తెలియదు. వెనక్కి తిరిగి మిగతా ముగ్గుర్ని అడిగాను. ఒంగోలు డాక్టరు కూడా తెల్లమొహం వేశాడు, పగిలిన తలలు రోజూ చూసేవాడు.

సైజు తెలియకుండా అమ్మనంది ఆవిడ. నిజంగానే అమ్మలేదు. టేపు తీసి నా తలకే చుట్టి చూపించింది: కనుబొమల మీద ఒక అంగుళం పైన, వెనక ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ. హెల్మెట్ పెట్టుకుంటే బుగ్గలు నొక్కుకుపోవాలట. తల ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి గానీ దానంతట అది తిరగకూడదట. లోపల ఉండేది థర్మాకోల్ లాంటిదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, ఆ నలగడంలోనే దెబ్బ జోరుని తినేస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగానే కనబడినా పనికిరాదు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఇంత సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక మేనల్లుడి సంగతి. వాడు ఇంటర్ పాసై డిగ్రీలో చేరినప్పుడు ఒక బండి ఫొటో పంపాడు. "మామా, ఇదొక్కటే" అన్నాడు. అడిగిన రోజే లక్షా అరవై వేలు పంపాను. పంపినందుకు నాకు ఎంత సంతోషమో, మా చెల్లెలికి అంతకంటే ఎక్కువ. వీధిలో అందరికీ "మా అన్న కొనిచ్చాడు" అని చెప్పుకుంది. బండితో పాటు హెల్మెట్ కూడా ఇవ్వాలని మన రూల్సులోనే ఉంది, ఇచ్చారు కూడా. అది వాళ్ళింట్లో నడవలో మేకుకి, ప్లాస్టిక్ కవరు తియ్యకుండా, క్యాలెండర్ పక్కన వేలాడింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి కావలి నుంచి ఊరికి పోతూ హైవే మీద గడ్డి ట్రాక్టర్ని వెనక నుంచి గుద్దాడు. ఆ ట్రాక్టర్ ట్రక్కుకి వెనక లైటు లేదు. ఆ మాట మేం అందరికీ చెప్తాం. తల మీద హెల్మెట్ లేదు. ఆ మాట మెల్లిగా చెప్తాం. నెల్లూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. ఇప్పుడు నడుస్తాడు, చదువుతాడు, నవ్వుతాడు. చూసినవాళ్ళు ఏమీ కాలేదనుకుంటారు.

వాసన తెలియదు. ముక్కు పైన ఎముకలో సన్నని చిల్లులుంటాయనీ, వాసన తెలిపే నరాల పోగులు వాటిలోంచే మెదడులోకి పోతాయనీ, తల ఒక్కసారి అదిరితే ఆ పోగులు తెగిపోతాయనీ ఒంగోలు డాక్టరు చెప్పాడు. కొందరికి తిరిగొస్తుందట. వీడికి రెండేళ్ళయినా రాలేదు. పోయిన సంక్రాంతికి మా చెల్లెలు మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. మన పులుసు మర్నాటికి కదా రుచి. ఆ మర్నాడు కంచాల ముందు కూర్చుంటే వాడు, "పులుపు తెలుస్తుంది, కారం తెలుస్తుంది మామా. మిగతాది మీరు తినండి" అన్నాడు. మా చెల్లెలు లేచి వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు షోలో చూసిన ఒక బండి గురించి. కేటీఎం 390 డ్యూక్ పుణె దగ్గర చాకన్‌లో తయారవుతుంది. అదే బండిని బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రోడ్డు మీదికి తేలేడు. పదిహేడుకి 125 సీసీ దాకానే, అదీ ఇంజిను బలం 11 కిలోవాట్లు దాటకూడదు. పందొమ్మిదికి 35 కిలోవాట్లు. ఎంత పెద్ద బండైనా నేరుగా ఎక్కాలంటే 24 నిండాలి, లేదంటే మధ్య లైసెన్సు మీద రెండేళ్ళు గడిపి 21కి రావాలి. ప్రతి మెట్టుకీ పరీక్ష ఉంది. మన కావలిలో పద్దెనిమిది నిండి గేర్ల బండి లైసెన్సు చేతికొస్తే వందా ఒకటే, వెయ్యీ ఒకటే. ఆ కుర్రాడికి అడ్డుపడే చట్టం లేదు. అడ్డుపడగలిగింది డబ్బు పంపేవాడు ఒక్కడే. అంటే మనం.

"మనవాళ్ళకి బుద్ధి లేదు, హెల్మెట్ పెట్టుకోరు" అని ఇక్కడ టీలు తాగుతూ అనే పెద్దమనుషుల మాట నాకు నచ్చదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం పొదిలి నుంచి కనిగిరి దాకా హెల్మెట్ పెట్టుకుని బండి నడిపి చూడమనండి. వడగాడ్పు కొడుతుంటే తల ఇడ్లీ పాత్రలో పెట్టినట్టుంటుంది. ఆ షోలో చేతులు వెచ్చగా ఉంచే హ్యాండిళ్ళున్నాయి, కరెంటుతో వేడెక్కే గ్లౌజులున్నాయి. అన్నీ చలి బాధలే. నార్టన్ని, బీఎస్‌ఏని కొనగలిగిన మన కంపెనీలు, మే నెలలో మనవాడు పెట్టుకోగలిగే హెల్మెట్ ఒకటి మనవాడు పెట్టగలిగే ధరకి ఎందుకు చెయ్యవు? నార్టన్ కొన్నారని ఉప్పొంగిన నోటితోనే ఈ మాటా అడగాలి.

ఉక్క నిజమే గానీ, లెక్కలు ఉక్కని చూడవు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029. ఆ 50 వేలలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. వెనక కూర్చునేది ఎవరో మనకి తెలియంది కాదు. అమ్మ, భార్య, చెల్లెలు, ట్యూషన్‌కి పోయే పిల్ల.

నేను పత్తిత్తునేం కాదు. బ్రిటన్‌లో 1973 జూన్ నుంచి హెల్మెట్ తప్పనిసరి. ఇక్కడ వీధి చివరికి కూడా నేను ఉత్త తలతో పోను. అదే సంక్రాంతికి దిగానంటే బావ స్కూటీ తీసుకుని తుమ్మలపెంట బీచికి గాలి కొట్టుకుంటూ పోతాను. విమానం దిగగానే నా తల గట్టిపడుతుంది కాబోలు.

ఇక్కడి మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాల్లో హెల్మెట్లు పంచుదామని ఈ మధ్య ఎవరో అన్నారు. నాకు భయంగా ఉంది. ఫ్లెక్సీ కట్టి, రోడ్డు పక్కన తట్టల్లో అమ్మే పల్చటి టోపీలు రెండొందలు తెచ్చి, ఎమ్మెల్యేతో ఫొటోలు దిగి, అన్నీ ఒకే సైజు పంచేట్టయితే దయచేసి వద్దు. దానికంటే సంఘంలో ప్రతివాడూ తన ఇంటి వరకు చూసుకుంటే చాలు. నేను ఇప్పుడు చేస్తున్నది ఇది: మా బంధువుల్లో ఎవరు బండికి డబ్బు అడిగినా ముందు రెండు హెల్మెట్లకి పంపుతాను, ఐఎస్ఐ గుర్తున్న అసలువి. నడిపేవాడికొకటి, వెనక కూర్చునేవాళ్ళకొకటి. పెట్టుకుని ఫొటో పంపితే అప్పుడు బండి డబ్బు. మొదటి రెండేళ్ళు 125 సీసీ దాటకూడదు. "ఇంగ్లండు పోయి పిసినారి అయిపోయాడు" అని మా పెద్దమ్మ కొడుకు అన్నాడట. అననీ.

స్టాలావిడ టేపుతో కొలిచి చూపించాక, పక్కకొచ్చి మా చెల్లెలికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర. మేనల్లుడు మళ్ళీ బండి నడుపుతున్నాడు, కాలేజీ దూరం, బస్సు టైముకి రాదు. "జాకెట్లు కుట్టే టేపు ఉంది కదమ్మా, వాడి తల కొలిచి చెప్పు, కనుబొమల మీద అంగుళం పైన" అన్నాను.

"ఇప్పుడా అన్నా?"

"ఇప్పుడే. షాపులోనే నిలబడున్నా."

కుట్టుమిషన్ సొరుగు లాగిన చప్పుడు వినబడింది. "రేయ్, ఇట్టా రా, కదలబాక" అంటోంది. వాడేదో గొణిగాడు.

"ఇరవై రెండున్నర అంగుళాలు," అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. మళ్ళీ టేపు చప్పుడు.

"నాది ఇరవై ఒకటీ ముప్పావు అన్నా. వెనక కూర్చునేది నేనే గదా."