1979 తరువాత ఏమైంది?

మొన్న శనివారం సియాటిల్‌లో మా అత్తమామలకు కెర్రీ పార్కు చూపించాలని, అక్కడ కారు నిలపడానికి చోటు దొరకదన్న భయంతో, క్వీన్ యాన్ కొండ మీదికి వెళ్ళే ట్రాలీబస్సు, అంటే వీధి పైన కట్టిన తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే బస్సు, ఎక్కించాను. మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా పదవీ విరమణ చేసినవారు. అటువంటి వ్యక్తికి బస్సుల గురించి బోధించకూడదన్న ఇంగితం ఆ రోజు నాకు లేకపోయింది.

కొండ మొదట్లో మలుపు తిరుగుతుండగా నెత్తిమీద టప్పుమని చప్పుడైంది. పైకప్పు మీది కడ్డీలు రెండూ తీగలను వదిలేశాయి, బస్సు ఆగిపోయింది. మైకులో డ్రైవరు ఏదో చెప్పాడు. కుండలో తల పెట్టి మాట్లాడినట్లు వినిపించే అటువంటి మైకులను బస్సులకు ఎవరు ఎంపిక చేస్తారో తెలియదు. "దిగుదాం మామయ్యగారూ, తీగ వదిలితే ఈ బండి అంగుళం కదలదు" అని తీర్మానించి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో సహా అందరినీ దింపేశాను. మరెవరూ దిగలేదు.

ఆ ఏటవాలు ఎక్కుతూ, ఆయాసాన్ని కప్పిపుచ్చుకోవడానికి చరిత్ర అందుకున్నాను. ఒకప్పుడు ఇదే వీధి కింద సొరంగంలో ఒక బరువును ఇనుపతాడుతో ట్రాముకు కట్టేవారని, బావిలో చేద దిగితే తాడు రెండో కొస పైకి వచ్చినట్లు ఆ బరువు దిగుతుంటే ట్రాము కొండెక్కేదని, 1940లో ట్రాలీబస్సులు వచ్చి ఆ తంటా తప్పించాయని, మరుసటి ఏడాదికే నగరంలో ట్రాములు మూలపడ్డాయని, 1978లో ఈ ట్రాలీబస్సులనూ ఆపేసి, తీగలన్నీ బాగుచేసి 1979లో మళ్ళీ నడిపారని, నాలుగడుగులకొకసారి ఆగుతూ వివరించాను.

మామగారు వినడం లేదు, వెనక్కి చూస్తున్నారు. నేనూ చూశాను. అంగుళం కదలదన్న బస్సు తీగతో పనిలేకుండా కూడలి దాటి పక్కకు వచ్చి నిలబడింది. 2015 నుంచి వచ్చిన బస్సులలో ఇటువంటి సమయాలకోసమే బ్యాటరీ ఉంటుందని నేను ఆ రాత్రి చదివాను. నారింజరంగు చొక్కా తొడుక్కున్న డ్రైవరు దిగి, వెనక వేలాడే తాళ్ళు పట్టుకుని, దోటీతో మామిడికాయ కోసే మనిషిలా ఒక కన్ను మూసి గురిచూసి, మొదటి కడ్డీని, ఆపైన రెండోదాన్ని తీగలకు తగిలించాడు. మామగారు తోటి కార్మికుడికి ఇవ్వవలసిన గౌరవంతో తల పంకించారు. నాకు ఆ గౌరవం ఆరేళ్ళుగా అందలేదు. తరువాత ఆ బస్సు, మోటారు చప్పుడైనా వినిపించకుండా, మా పక్కనుంచే కొండెక్కిపోయింది. కిటికీలోంచి ఒక ముసలమ్మ మాకు చెయ్యి ఊపింది.

తరువాతి బస్సు రెండు నిమిషాల్లో వస్తుందని ఫోనులోని యాప్ చెప్పింది. పావుగంట తరువాత కూడా అదే రెండు నిమిషాలని చెప్పింది. అత్తగారు ఎవరింటి మెట్టుమీదో కూర్చున్నారు. మామగారు తీగల వైపు చూస్తూ, "అల్లుడుగారూ, 1979 తరువాత ఏమైంది?" అని అడిగారు.