పాయింట్ రెండు

2050 నాటికి భూమ్మీద 970 కోట్ల మంది ఉంటారట. అందరికీ అన్నమెలా పెట్టాలా అని పెద్దలకు నిద్ర పట్టడం లేదు. అంత బెంగ దేనికి? తెలంగాణలో ఏ వడ్ల కొనుగోలు సెంటర్‌కెళ్లినా తేమ చూసే డబ్బా ఒకటుంటుంది. ఎవరి గింజ ప్రపంచానికి కావాలో, ఎవరిది అక్కర్లేదో అదే తేల్చేస్తుంది.

డబ్బాలో గుప్పెడు వడ్లు పోస్తారు. చుట్టూ మూగినవాళ్లు ఊపిరి బిగబడతారు. 17.2! తేమ 17 శాతం దాటరాదని నిబంధన. ఆ పాయింట్ రెండుతో దేశ ఆహార భద్రత నానిపోతుంది గనుక రాశి ఎండడానికి మళ్లీ రోడ్డెక్కాలి. కుప్ప పైన తీస్తే 16, మోచేతి దాకా చెయ్యి దూర్చి తీస్తే 19. ఎండలో కాలిన గింజకో అంకె, నీడన చల్లారిన గింజకో అంకె, తాలు కలిస్తే ఇంకోటి. ఐదారు చోట్ల తీసి, కలిపి, చల్లార్చి, మూడుసార్లు చూసి సగటు వెయ్యాలనడం డబ్బాకు అపచారం.

కాబట్టి అంగుళం మందాన పరచాలి, అరగంటకోసారి కాళ్లతో తిరగేయాలి, మంచు పడకముందే కుప్పజేసి పట్టా కప్పాలి. పక్కనుంచి బస్సు కూడా తనవంతు తొక్కిపోతుంది. మరీ ఎండితే గింజ పగిలి నూకవుతుంది, ఆ తిట్లు మిల్లు దగ్గర. తెల్లారి మళ్లీ గుప్పెడు. 17.6!

కోత మిషన్ 24 శాతం తేమతో కక్కిన వడ్లను 17కు దించేసరికి క్వింటాలుకు 8.4 కిలోలు గాలికి పోతాయి. నీళ్లే, పోనీ. మరి కాంటా మీద సంచి బరువు పోను 40 కిలోల బస్తాకు 42 ఎందుకు తూస్తారు? 'తరుగు'ట! 150 బస్తాలకు 300 కిలోలు. 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర 2,389 లెక్కన 7,167 రూపాయలు. తాలు పోయేలా క్లీనర్ పట్టినా తరుగే, ఎండి గలగలలాడినా తరుగే.

ఈలోగా వాన. గోనె సంచులు రాలేదు, లారీ రాలేదు, పట్టా చిరిగింది. కుప్ప లోపల వేడెక్కి తెల్లగా మొలకలు. మొలకెత్తినవీ, రంగు మారినవీ, దెబ్బతిన్నవీ, పురుగు పట్టినవీ అన్నీ కలిపి 5 శాతం దాటరాదని మళ్లీ నిబంధన! సిగ్గు లేదూ? చిటికెడు తేమ ఉందని తిప్పికొట్టి, పది రోజులు బయట పడేసి, నానబెట్టి మొలకెత్తించింది ఎవరు? కోత నుంచి దుకాణం చేరేలోపే లోకంలోని తిండిలో 13 శాతం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క. ఎక్కడ పోతోందో వెతకడానికి ఉపగ్రహాలు కావాలా, ఈ కల్లంలోకొచ్చి నిలబడితే చాలదా? గింజ ఒక్కో పాయింటూ కొలవడానికి డబ్బా ఉంది. సంచి ఎన్ని రోజులు ఆలస్యమైందో, లారీ ఎన్ని రోజులు రాలేదో కొలిచే డబ్బా ఏదీ? అందులో పాయింట్ రెండు దాటితే ఎవర్ని రోడ్డు మీద ఎండబెడతారు?