చేతిలో ఇమిడే ఎర్రదీపంగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెంపుడు జంతువుల కాంతి చికిత్సా యంత్రంగారి దివ్యసముఖానికి,

నిన్న సాయంత్రం పశువైద్యులు వేసిన ఒకే ఒక్క ప్రశ్నకు మీ తరఫున జవాబు చెప్పలేక తెల్లమొహం వేసిన కుటుంబం నుంచి ఈ లేఖ వస్తోంది. మా పొమరేనియన్ పండు వెనుకకాళ్ల కీళ్లనొప్పులకు మీరు అందిస్తున్న సేవను మేము వేనోళ్ల పొగుడుతుండగా ఆయన ఓపికగా విని, "మంచిదండీ, దీని శక్తి ఎన్ని మిల్లీవాట్లు?" అన్నారు.

పెట్టెను అన్ని వైపులా తిప్పి చూశాం. దాని మీద నవ్వుతున్న కుక్క ఉంది, ఒళ్లు విరుచుకుంటున్న పిల్లి ఉంది, ఎందుకో ఒక కుందేలు కూడా ఉంది. 650, 808 నానోమీటర్లంటూ తరంగదైర్ఘ్యాలున్నాయి, ఛార్జింగ్ కేబుల్ పొడవు సైతం ఉంది. మిల్లీవాట్లు మాత్రం లేవు. లోపలి కాగితంలో "నొప్పి ఉన్నచోట 10 నిమిషాలు ఉంచండి" అన్న ఉపదేశం ఉంది.

ఎంత కాంతితో 10 నిమిషాలు, మహాప్రభో? ఈ చికిత్సలో మోతాదును జౌళ్లలో, అంటే అందిన మొత్తం కాంతిశక్తిని కొలిచే ప్రమాణంలో, లెక్కిస్తారు. వాట్లలో (వెయ్యి మిల్లీవాట్లు ఒక వాటు) దీపం శక్తిని అది వెలిగిన సెకన్లతో గుణిస్తే వచ్చే లెక్క అది. 5 మిల్లీవాట్ల దీపం 10 నిమిషాల్లో 3 జౌళ్లు ఇస్తే, 500 మిల్లీవాట్ల దీపం అదే సమయంలో 300 జౌళ్లు ఇస్తుంది. ఈ రెండింటిలో తమరెవరు? పోనీ, ఆ కాంతి ఎంత మేర పరుచుకుంటుందో, చదరపు సెంటీమీటరుకు ఎంత దక్కుతుందో అయినా సెలవిచ్చారా? మోతాదు చాలకపోతే ఫలితం ఉండదని, మితిమీరితే రావలసిన ఫలితం కూడా పోతుందని ఈ విద్య తెలిసినవారు చెబుతారు. మందు సీసా మీద "రోజూ కాస్త తాగించండి" అని రాసి అమ్మితే ఎవరైనా ఊరుకుంటారా? అమ్మినవారికి రాస్తే "చాలా పవర్‌ఫుల్ సర్" అని జవాబు వచ్చింది. అది అంకె కాదు.

మీ వంశప్రతిష్ఠను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1960ల్లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వెంట్రుకలు గొరిగి రూబీ లేజర్ కాంతి ప్రసరింపజేస్తే, ఆ చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. మీ ఇంటి చరిత్ర అక్కడే మొదలైంది. అయితే ఆయన ముందుగా గొరిగారన్న సంగతి తమరు మరచినట్టున్నారు. బొచ్చు కాంతిని అడ్డుకుంటుంది, ముదురు రంగు బొచ్చయితే పీల్చుకుని వేడెక్కుతుంది కూడా. పొమరేనియన్‌కు ఉన్నది రెండు పొరల బొచ్చు. మీ కాగితం మాత్రం "బొచ్చు తొలగించనవసరం లేదు" అని అభయమిస్తోంది. అంటే ఇన్నాళ్లూ తమరు చికిత్స చేసింది పండు బొచ్చుకు.

పెట్టె మూలన మెరుస్తున్న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పేరు గురించి ఎక్కువ మాట్లాడను, జంతువుల పరికరాలను అమ్మేముందు ఆ సంస్థ అనుమతి తీసుకోవలసిన అవసరమే లేదు. మీ 808 నానోమీటర్ల కాంతిలాంటి, కంటికి కనబడని పరారుణ కాంతి సూటిగా కళ్లలో పడితే రెప్ప కూడా మూతపడదు కనుక క్లినిక్‌లో కుక్కకు సైతం కళ్లద్దాలు పెడతారు. మీరు మాకు ఒక్క జత కూడా పంపలేదు. కణితుల మీద ఈ కాంతి వేయకూడదన్న హెచ్చరిక ఆ కాగితంలో ఎక్కడా లేదు, "అన్ని రకాల వాపులకూ" అని మాత్రం ఉంది. ఇది అజాగ్రత్త కాదు, సిగ్గులేనితనం. నోరులేని జీవి "తగ్గలేదు" అని ఫిర్యాదు చేయదన్న ధైర్యంతోనే కదా ఈ వ్యాపారమంతా?

మీరు వెలగగానే పండు పరుగున వచ్చి పడుకునేవాడన్నది నిజమే. ఆ ఘనత మా ఆవిడ ఒడిది, తమరిది కాదు.

మీ శక్తి ఎంతో, కాంతి పడే వైశాల్యం ఎంతో ఆ రెండు అంకెలూ అచ్చయ్యేదాకా వాడికి డాక్టరుగారు రాసిన మాత్ర, గచ్చు మీద కాలు జారకుండా పరిచిన పట్టా, బరువు తగ్గడానికి కోత పెట్టిన బిస్కెట్లు చాలు. తమరు అలమారులో విశ్రాంతి తీసుకోగలరు.

ఇట్లు,
పండు తరఫున, వాడి బిల్లులు కట్టేవాడు